ఉస్మాన్‌గంజ్ పరిసరాల పాఠశాలలు - మాతృభాషా విద్యకు నూరేళ్ల నేపథ్యం

హైదరాబాదు: నయాపుల్ మీదుగా మూసీనది దాటి అఫ్జల్‌గంజ్ చేరి, అక్కడినుండి బేగంబజార్, జాంబాగ్ వైపు సాగే దారులలో ఉస్మాన్‌గంజ్ ఉన్నది. టోకు వ్యాపారానికి పేరొందిన ఈ ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, మార్వాడీ, గుజరాతీ భాషలు ఒకే వీధిలో వినిపిస్తాయి. గంజ్ అనగానే మూటలు, లారీలు, హమాలీలు జ్ఞప్తికి రావడం సహజం. అయితే తెలంగాణ విద్యా చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలు అనేకం ఈ ప్రాంతానికి నడక దూరంలోనే జరిగినవన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. పాత్రికేయులకు, విద్యాశాఖ అధికారులకు ఉపయోగపడగలదన్న ఉద్దేశంతో ఆ నేపథ్యాన్ని ఇక్కడ పొందుపరచడమైనది.

నిజాం సంస్థానంలో ఆధునిక విద్యకు తొలి అడుగుగా మొదటి సాలార్‌జంగ్ కాలంలో దారుల్ ఉలూమ్ పాఠశాల ఏర్పడినది. 19వ శతాబ్ది ఎనభయ్యో దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ రాజభాష అయినది. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్యను బోధించిన ఘనత దానిదే. అయితే ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాషలైన తెలుగు, మరాఠీ, కన్నడములకు ఉన్నత పాఠశాలలలో చోటు లేకపోయినది. ఆ లోటును పూరించడానికి ఆయా భాషల వారే చందాలు పోగుచేసి పాఠశాలలు నెలకొల్పుకొన్నారు. ప్రజల పూనికతో వెలసిన ఈ సంస్థలే నేటి మన వ్యాసానికి ప్రధాన విషయం.

వీటిలో ఉస్మాన్‌గంజ్‌కు అతి సమీపాన ఉన్నది జాంబాగ్‌లోని వివేకవర్ధని. 20వ శతాబ్ది తొలి దశకంలో నగరంలోని మరాఠీ ప్రముఖులు దీనిని ఆరంభించారు. తరువాతి కాలంలో హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన కేశవరావు కోరట్కర్ వారిలో ఒకరు. ఆయన స్మారకంగా 1940లో నారాయణగూడలో కేశవ మెమోరియల్ పాఠశాల ఏర్పడినది. తెలుగువారి పక్షాన అంతకు మునుపే, 1901 సెప్టెంబరు 1న, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపితమై ఉన్నది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు దాని స్థాపకులలో ముఖ్యులు. సుల్తాన్‌బజారులోని ఆ గ్రంథాలయం బడిలో తెలుగు నేర్వలేని వారికి బడివలె ఉపకరించినది.

వివేకవర్ధని థియేటరులో 1921 నవంబరులో జరిగిన సంఘసంస్కార సభ కొంత వివరంగా చెప్పదగినది. మహారాష్ట్రకు చెందిన విద్యావేత్త మహర్షి ధొండో కేశవ కర్వే దానికి అధ్యక్షులు. వక్తలు ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో ప్రసంగించగా సభ సావధానంగా విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడ ఆరంభించగానే గేలిచేసి ఆయనను కూర్చోబెట్టారు. తెలుగువారు సభనుండి వెలుపలికి వచ్చి, ఆ రాత్రే, అనగా నవంబరు 12న, టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పాటు చేశారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన సమావేశమైన ఆంధ్ర మహాసభకు మూలం ఇదే. ఈ ఘటనను ఉర్దూకు వ్యతిరేకంగా తెలుగువారు చేసిన తిరుగుబాటుగా మాత్రమే వ్రాయడం పరిపాటి. అది పూర్తిగా సరికాదు. గేలి చేసినవారిలో తామూ మాతృభాషా విద్యకై శ్రమిస్తున్న మరాఠీ సోదరులు కూడా ఉన్నారు.

దీనికి తరువాయి భాగం మరింత ఆసక్తికరం. మాడపాటి హనుమంతరావు ప్రభృతుల కృషితో 1928లో ఆంధ్ర బాలికా పాఠశాల ఆరంభమైనది. 1920 దశకంలో వెలువడిన ఖాన్గీ పాఠశాలల నిబంధనల ప్రకారం ప్రైవేటు బడి తెరవడానికి ముందస్తు అనుమతి అవసరం. తెలుగు మాధ్యమ ఉన్నత పాఠశాలకు సంస్థానంలో గుర్తింపు లభించడం దుర్లభమైనది. అప్పుడు ఆ బాలికలకు పరీక్షలు వ్రాసే వీలు కల్పించినది పూనాలోని మహిళా విద్యాపీఠం. దాని స్థాపకులు మరెవరో కాదు, నాటి సభాధ్యక్షులైన కర్వే మహాశయులే. ఆ పాఠశాల నేడు నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు పేరిట నడుస్తున్నది.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మరొక ఆలవాలం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన ఈ సంస్థ 1936లో ప్రస్తుత భవనంలోకి మారినది. ఇరుకైన ఇండ్లలో చదువుకొనే చోటు లేని విద్యార్థులకు, పోటీ పరీక్షల అభ్యర్థులకు ఇది ఆశ్రయం. నది ఒడ్డునే ఉన్న సిటీ కళాశాల 1952 సెప్టెంబరు 3న ముల్కీ ఉద్యమ సందర్భంగా జరిగిన కాల్పులకు సాక్షి. ఆ ఘటనపై జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. స్థానికులకు ఉద్యోగాలు కావాలన్న ఆ కోరికకు పాఠశాల చదువులతో, ముఖ్యంగా ఉపాధ్యాయ నియామకాలతో గల సంబంధం విస్మరించరానిది.

ఇక వర్తమానానికి వస్తే, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, ఆచరణ సాధ్యమైనంత వరకు బోధన శిశువు మాతృభాషలో ఉండాలని చెప్పుచున్నది. అదే చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని నిర్దేశించినది. 2018 నాటి రాష్ట్ర చట్టం అన్ని పాఠశాలలలో తెలుగు బోధనను నిర్బంధం చేసినది. 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశపెట్టి, ద్విభాషా పాఠ్యపుస్తకాలు అందించడమైనది. ఉర్దూ ఇంటిభాషగా గల బాలునికి తెలుగు నేర్పడం, హమాలీ కుటుంబంలోని తెలుగు బాలికకు ఇంగ్లీషులో గణితం బోధించడం వేర్వేరు పనులు. రెండింటికీ ఒకే ఉత్తర్వు, ఒకే శిక్షణ చాలవని ఈ వీధులలోని తరగతి గదిని చూచిన ఎవరికైనా బోధపడుతుంది. ఈ పాఠశాలల గురించి వ్రాసేవారు ఉత్తీర్ణతా శాతంతో పాటు పిల్లల ఇంటిభాష ఏది, ఆ భాష తెలిసిన ఉపాధ్యాయులు ఎందరున్నారు అన్న వివరాలను కూడా సేకరించవలసి ఉన్నది.