కండ్లద్దాల ఫ్రేములో పత్తి

కండ్లద్దాలు కొనేటప్పుడు అందరం చూసేది ఫ్రేము గుండ్రమా, పలకా, మొహానికి నప్పిందా అనే. దేంతో చేశారని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ముందు అడగాల్సింది అదే, అందులోనూ మా కర్నూలు, కడప ఎండల్లో తిరిగేవాళ్లు.

మనవైపు అద్దాల ముచ్చట ఐదొందల ఏళ్ల నాటిది. ఈ రెండు జిల్లాలూ విజయనగర రాజ్యంలో ఉన్న కాలంలో, 1520 ప్రాంతంలో, వ్యాసతీర్థులు అద్దాలు పెట్టుకుని చదివేవారని సోమనాథకవి సంస్కృత కావ్యం 'వ్యాసయోగి చరితం' ఆధారంగా పి.కె. గోడే అనే పండితుడు రాశాడు. పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చి ఉంటాయని ఆయన ఊహ. ఆ అద్దాలు దేంతో చేసినవో గానీ, ఆ రోజుల్లో యూరప్‌లో ఫ్రేములంటే ఎముక, కొమ్ము, కొయ్య, తోలు. చెవులకి తగిలించే కాడలు 18వ శతాబ్దం దాకా లేవు. ముక్కు మీద నిలబెట్టుకోవాలి, లేదా చేత్తో పట్టుకోవాలి. ఇక నప్పడం గురించి ఎవరు ఆలోచిస్తారు!

తర్వాత డబ్బున్నవాళ్లకి తాబేలు చిప్ప వచ్చింది. ఇప్పుడు షాపుల్లో కనిపించే గోధుమరంగు మచ్చల ఫ్రేము దానికి నకలే. అసలు చిప్ప వ్యాపారం మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద నిషిద్ధం. చవకగా ఆ మచ్చలు తేవాలని 19వ శతాబ్దం చివర్లో సెల్యులాయిడ్ వాడారు. పత్తి, నైట్రిక్ ఆమ్లం, కర్పూరం కలిస్తే అది. అందంగానే ఉంటుంది, నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటుంది. (మొహం మీద పెట్టుకునే వస్తువండీ!)

దాని చోటులోకి వచ్చిన ఎసిటేట్ కూడా సెల్యులోజ్ సంతానమే. పత్తి గింజకి అంటుకుని మిగిలే పొట్టి నూగు నుంచో, కొయ్యగుజ్జు నుంచో తీస్తారు. కర్నూలు జిల్లా ఆదోని పత్తి మార్కెట్ ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. ఆదోని నూగే ఇటలీ ఫ్రేముల్లోకి పోతోందని అనడం లేదు లెండి. కానీ ఫ్యాషన్ అని వేలు పోసి కొనే సరుకుకీ, మన నల్లరేగడిలో పండే పంటకీ చుట్టరికం ఉందంటే నాకు భలే అనిపిస్తుంది.

లోహాల్లో చవకైనది జర్మన్ సిల్వర్. పేరులోనే వెండి, లోపల రాగి, నికెల్, జింకు. పైపూత అరిగాక చెమట తగిలితే రాగికి చిలుం పడుతుంది, ముక్కు దగ్గర పచ్చగా మరక. నికెల్ పడనివాళ్లకి దురద అదనం. ఉచిత కంటి శిబిరంలో ఇచ్చింది పెట్టుకునేవాళ్లకి ఏ లోహమో ఎంచుకునే వీలు ఎక్కడిది? నప్పడం సంగతి ఆ తర్వాత. 1980లలో జపాన్‌వాళ్లు టైటానియం ఫ్రేములు తెచ్చారు: తేలిక, తుప్పు లేదు, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి నా ఓటు దానికే.

ఎసిటేటే కావాలంటే కొనుక్కోండి. వేడికి మెత్తబడుతుంది కాబట్టే షాపతను కాస్త కాచి మీ చెవులకి సరిగ్గా వంచగలుగుతాడు. మే నెలలో కర్నూల్లో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఆ వంచే పని ఎండే చేసేస్తుంది.