గిల్గమేష్ కావ్యం: వ్యాఖ్యాన పద్ధతులు

ఈ భాగాన్ని చదివిన తరువాత, ఒకే ప్రాచీన కావ్యాన్ని పండితులు ఏయే దృష్టులతో చదివారో మీరు వివరించగలుగుతారు. ఒక వ్యాఖ్యానాన్ని ఎలా పరీక్షించాలో కూడా చెప్పగలుగుతారు.

గిల్గమేష్ దక్షిణ మెసొపొటేమియాలోని ఉరుక్ నగరానికి రాజు. స్నేహితుడు ఎంకిడుతో కలిసి దేవదారు అడవికి వెళ్లి, దానికి కాపలాగా ఉన్న హుంబాబాను చంపి, చెట్లు నరికించి తెస్తాడు. తరువాత ఎంకిడు మరణిస్తాడు. చావులేని బతుకును వెతుక్కుంటూ వెళ్లిన గిల్గమేష్, మహాజలప్రళయం నుంచి బయటపడిన ఉత్నపిష్టిమ్ నోట ఆ వరద కథ వింటాడు. చివరికి వట్టిచేతులతో ఇంటికి తిరిగివస్తాడు. 12 మట్టి ఫలకాలుగా ఉన్న ఈ కావ్యపు ప్రతులు అనేకం నినెవేలోని అషూర్‌బనిపాల్ గ్రంథాలయ శిథిలాల్లో దొరికాయి.

1. వరద కథగా

1872 డిసెంబరు 3న జార్జ్ స్మిత్ లండన్‌లో వరద ఫలకం గురించి ప్రకటించాడు. బైబిలులోని నోవహు కథతో పోలికలు ఉండడంతో చాలాకాలం ఈ కావ్యాన్ని ఆ కోణంలోనే చదివారు. 1929లో లియొనార్డ్ వూలీ ఉర్ నగరంలో మందమైన ఒండ్రు పొరను కనుగొని, అది ఆ ప్రళయపు ఆనవాలే అన్నాడు. అయితే వేర్వేరు నగరాల్లోని ఇటువంటి పొరలు ఒకే కాలానివి కావని తరువాత తేలింది. ఈ చిక్కు భద్రాచలం వాసులకు సులభంగానే అర్థమవుతుంది. అక్కడ గోదావరి 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరింది. ఒండ్రు కనిపించినంత మాత్రాన అది ఫలానా వరదదే అనలేం కదా!

2. రాజు చరిత్రగా

సుమేరియన్ రాజుల జాబితా గిల్గమేష్ 126 సంవత్సరాలు పాలించాడని చెబుతుంది. పేరు నిజమైన రాజుదే కావచ్చు. ఆ అంకెను మాత్రం చరిత్రగా తీసుకోలేం.

3. అడవి కథగా

దక్షిణ మెసొపొటేమియాలో పెద్ద కట్టడాలకు పనికివచ్చే కలప లేదు. దూరపు కొండల నుంచి దేవదారు తెప్పించినట్లు లగాష్ పాలకుడు గుడియా శాసనాలు చెబుతాయి. కాబట్టి హుంబాబా కథలో కలప కోసం సాగిన యాత్రల జ్ఞాపకం ఉందని కొందరు భావిస్తారు. భద్రాచలం అడవుల కలప కూడా తెప్పలుగా గోదావరి మీదుగా రాజమహేంద్రవరం చేరేది. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాతి కాలంలో పోడు సేద్యంపై ఆంక్షలు పెరిగాయి. కలప కోరేవారికి అడవిలో ఉన్నవాడు అడ్డంకిగా కనిపిస్తాడు. హుంబాబాను రాక్షసుడన్నది ఎవరు అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

2014లో ప్రచురితమైన సులేమానియా మ్యూజియం ఫలకం ఈ చర్చకు కొత్త ఆధారం ఇచ్చింది. అందులో పక్షుల, కోతుల అరుపులు హుంబాబాకు రాజసభలోని సంగీతంలా వినిపిస్తాయి. అడవిని బీడు చేశామని ఎంకిడు బాధపడతాడు. అంటే ఈ అపరాధభావం నేటి పర్యావరణవాదులు కావ్యానికి అంటగట్టినది కాదు, మూలంలోనే ఉంది. అంతమాత్రాన హుంబాబా ఫలానా అడవి తెగకు ప్రతినిధి అనడానికి ఆధారం లేదు. ఈ హద్దును గుర్తుంచుకోండి.

ఏ వ్యాఖ్యానాన్నైనా మూడు ప్రశ్నలు అడగండి: కావ్యంలో దేనిని వివరిస్తున్నది? దేనిని వదిలేస్తున్నది? కావ్యం వెలుపల దానికి ఆధారమేమిటి?

మీ ప్రగతిని సరిచూసుకోండి

పర్ణశాల గురించి గానీ, కోయల వేల్పుల గురించి గానీ మీ ప్రాంతంలో చెప్పుకునే ఒక కథను తీసుకోండి. దానికి రెండు వ్యాఖ్యానాలు రాసి, పై మూడు ప్రశ్నలతో పరీక్షించండి.