కల్వరి తరగతి జలాంతర్గాములు (1967)

కల్వరి తరగతి భారత నౌకాదళంలో చేరిన మొట్టమొదటి జలాంతర్గాముల తరగతి. ఇవి డీజిల్-విద్యుత్ శక్తితో నడిచే దాడి జలాంతర్గాములు. సోవియట్ యూనియన్ 'ప్రాజెక్ట్ 641' పేరిట రూపొందించిన ఈ రకాన్ని నాటో దేశాలు 'ఫాక్స్‌ట్రాట్' అని వ్యవహరించాయి. 2017 నుండి నౌకాదళంలో చేరిన స్కార్పీన్ రకపు జలాంతర్గాములకు కూడా కల్వరి తరగతి అనే పేరే పెట్టారు. ఈ వ్యాసం మొదటి తరగతికి సంబంధించినది.

చరిత్ర

ఐ.ఎన్.ఎస్. కల్వరి 1967 డిసెంబరు 8న రీగా (నేటి లాట్వియా రాజధాని) రేవులో నౌకాదళ సేవలో ప్రవేశించింది. అందుకే ఏటా డిసెంబరు 8ని భారత నౌకాదళం జలాంతర్గామి దినంగా జరుపుకుంటుంది. 1968లో ఖండేరి, 1969లో కరంజ్, కురుసుర చేరాయి.

1971 భారత-పాకిస్తాన్ యుద్ధంలో కరంజ్‌కు నాయకత్వం వహించిన వి.ఎస్. షెకావత్‌కు వీర చక్ర లభించింది. ఆయన 1993లో నౌకాదళ ప్రధానాధికారి అయ్యారు.

నిర్మాణం

- పొడవు: 91.3 మీటర్లు
- సిబ్బంది: సుమారు 75 మంది
- ఆయుధాలు: ముందువైపు 6, వెనుకవైపు 4 టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు

పనిచేసే విధానం

డీజిల్ ఇంజన్లకు గాలి అవసరం. కాబట్టి నీటిపై ఉన్నప్పుడు, లేదా స్నార్కెల్ అనే గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి పీల్చుకుంటున్నప్పుడు మాత్రమే అవి పనిచేస్తాయి. అప్పుడే బ్యాటరీలు చార్జి అవుతాయి. పూర్తిగా మునిగిన తరువాత బ్యాటరీలే ఆధారం. విద్యుత్ మోటార్లు దాదాపు నిశ్శబ్దంగా తిరుగుతాయి కనుక శత్రువు పసిగట్టడం కష్టం.

అయితే ఈ నిశ్శబ్దానికి హద్దు ఉంది. నీటిపై సుమారు 20,000 నాటికల్ మైళ్లు పోగల ఈ నౌక, మునిగి గంటకు 2 నాటికల్ మైళ్ల వేగంతో, అనగా మనిషి నడక కంటే నెమ్మదిగా, వెళ్లినా దాదాపు 380 మైళ్లే పోగలదు. వేగం పెంచితే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. చార్జి కోసం పైకి వచ్చినప్పుడు ఇంజన్ల చప్పుడు, నీటిపై కనిపించే గొట్టం దాని ఉనికిని బయటపెట్టవచ్చు. దాగి ఉండటమే బలమైన ఈ నౌకకు అదే అత్యంత ప్రమాదకరమైన సమయం.

విరమణ

ఖండేరి 1989లో, కల్వరి 1996లో, కురుసుర 2001 ఫిబ్రవరి 27న, కరంజ్ 2003లో సేవ నుండి విరమించాయి. 31 సంవత్సరాలు పనిచేసిన కురుసురను విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు చేర్చి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా ప్రారంభించారు. సందర్శకులు లోపలికి వెళ్లి టార్పెడో గదులను, ఇంజన్లను, నావికుల ఇరుకైన పడకలను చూడవచ్చు.