ఇంజను పీల్చే గాలి: కాగితమా, నూనెగుడ్డా?



ఈనాటి ప్రసంగం మీ కారు ముందు మూత ఎత్తితే కనిపించే ఒక నల్లటి పెట్టె గురించి. దాని క్లిప్పులు తీస్తే లోపల విసనకర్రలా మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. అదే ఏర్ ఫిల్టరు, అంటే ఇంజను పీల్చే గాలికి జల్లెడ. ఖరీదు సాధారణంగా కొన్ని వందల రూపాయలు. దాన్ని మార్చడానికి దుకాణానికి వెళితే, కొన్నిచోట్ల మీకు ఇంకొక సరుకు కూడా చూపిస్తారు. ఎర్రటి నూనె పట్టించిన నూలుగుడ్డ ఫిల్టరు. ఖరీదు కొన్ని వేలు. 'పికప్పు పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, కడుక్కుని వాడుకోవచ్చు, మళ్ళీ కొనే పని లేదు' అంటారు. ఈ మాటల్లో ఏది నిజం, ఎవరి విషయంలో నిజం అని తేల్చుకోవాలంటే ఈ జల్లెడ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకోవాలి. వందేళ్ళు దాటిన ఆ చరిత్రలో ట్రాక్టరు ఉంది, యుద్ధవిమానం ఉంది, అగ్నిపర్వతం ఉంది. మన బళ్ళారి ఎర్రదుమ్ముకు కూడా దానితో సంబంధం ఉంది.

ముందుగా ఒక లెక్క. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఒక్క లీటరు పెట్రోలుకు ఇంజను దాదాపు 9,000 లీటర్ల గాలి పీలుస్తుందన్నమాట. మీరు బంకులో 30 లీటర్లు పోయించుకుంటే, అది అయిపోయేలోగా 2,70,000 లీటర్ల గాలి ఇంజనులోకి పోతుంది. అడ్డు లేకపోతే ఆ గాలిలోని దుమ్మంతా దానితోపాటే లోపలికి పోతుంది.

దుమ్ములో అసలు ప్రమాదం ఇసుక రేణువుల్లో ఉంది. ఇసుకలోని స్ఫటికం సిలిండరు ఇనుముకంటే గట్టిది. పిస్టను రింగుకూ సిలిండరు గోడకూ నడుమ ఉండేది వెంట్రుకకంటే ఎంతో పలచనైన నూనె పొర. అందులో దూరి, ఇరుక్కుని, సానరాయిలా అరగదీసేవి ముఖ్యంగా కొన్ని మైక్రాన్ల నుంచి ఇరవై మైక్రాన్ల వరకు ఉండే రేణువులు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. విడిగా చూస్తే అవి కంటికి ఆనవు. అరుగుదల మొదలైతే జరిగేది మీకు తెలిసిందే. కంప్రెషన్ తగ్గుతుంది, ఇంజను ఆయిల్ తినడం మొదలవుతుంది, సైలెన్సరు నీలిపొగ కక్కుతుంది. షెడ్డులో మేస్త్రీ 'ఇంజను బోరుకొచ్చింది' అని తేల్చేస్తాడు. టాక్సీ నడుపుకుని బతికే మనిషికి ఆ ఒక్క మాటతో కొన్ని నెలల సంపాదన ఎగిరిపోతుంది.

తొలినాళ్ళలో ఈ సంగతిని అంతగా పట్టించుకున్నవారు లేరు. 1908లో మొదలై లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన ఫోర్డు మోడల్ టీ కారుకు కంపెనీ ఇచ్చిన ఏర్ ఫిల్టరే లేదు. దుమ్ము దెబ్బ మొదట గట్టిగా తగిలింది పొలంలో నడిచే ట్రాక్టరుకు. దున్నుతున్నంతసేపూ అది తాను లేపిన దుమ్మునే తాను పీల్చుకోవాలి. అమెరికాలో ఫ్రాంక్ డోనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ల అమ్మకందారు 1915లో దీనికొక ఉపాయం చేశాడు. తీగలతో అల్లిన పంజరానికి గుడ్డ చుట్టి, దుమ్ముకు ఎగువన ఉండేట్టు పొడవాటి గొట్టం చివర అమర్చాడని ఆయన పేరిట ఏర్పడిన కంపెనీ తన చరిత్రలో చెప్పుకుంటుంది. ఆ కంపెనీ ఈనాటికీ ఫిల్టర్లు తయారు చేస్తోంది. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ జల్లెడ పుట్టింది వేగం కోసం కాదు, ఇంజను ఆయుష్షు కోసం.

ఆ తర్వాత వచ్చింది ఆయిల్ బాత్ ఫిల్టరు. మీలో ట్రాక్టరు ఉన్నవారికి, పాత జీపు నడిపినవారికి దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. గిన్నెలో నూనె ఉంటుంది. వేగంగా వచ్చిన గాలి ఆ నూనె మీద చటుక్కున మలుపు తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతుంది. మిగిలినది పైనున్న నూనె తడి తీగవలకు అంటుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుకు ఉన్నది ఇదే. కడిగి, నూనె మార్చి ఎన్నేళ్ళయినా వాడుకోవచ్చు. అయితే దీనికి ఒక లోపముంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలివేగం తగ్గుతుంది, మలుపులో విసురు చాలదు, సన్నదుమ్ము తప్పించుకుపోతుంది.

గాలి ధారాళంగా రావాలి, దుమ్ము మాత్రం రాకూడదు. ఈ రెండు కోరికలకూ పొత్తు కుదరదని అందరికీ తెలిసేట్టు చేసింది ఆ యుద్ధమే. ఆఫ్రికా ఎడారిలోనూ, మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలోనూ వాడటానికి బ్రిటిషువారు తమ స్పిట్‌ఫైర్ విమానాలకు వోక్స్ అనే పెద్ద ఫిల్టరు తగిలించారు. విమానం ముక్కు కింద గడ్డంలా వేలాడేది అది. ఇసుకనైతే ఆపింది గాని, విమానం వేగాన్నీ, పైకెక్కే శక్తినీ తగ్గించింది. శత్రువిమానం తరుముతుంటే ఆ తేడా ప్రాణాల మీదికి వచ్చేదే. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గరి అబూకిర్ వర్క్‌షాపులో పనివాళ్ళు దానికంటే చిన్నదైన ఫిల్టరు తయారు చేసి బిగించారు. గమనించారా, ఫిల్టరు అక్కర్లేదని వాళ్ళు తీసి పారెయ్యలేదు. ఫిల్టరు లేకుండా ఎడారిలో ఇంజను నిలవదని వాళ్ళకు తెలుసు.

యుద్ధం ముగిశాక 1950ల నుంచి కార్లలో కాగితం ఫిల్టరు వ్యాపించింది. ఇది మనం రాసుకునే కాగితం కాదు. పీచుతో చేసి, జిగురుద్రవ్యం పట్టించి, వేడిమీద గట్టిపరచిన ప్రత్యేకమైన కాగితం. మడతలు పెట్టడంవల్ల చిన్న పెట్టెలోనే చాలా వైశాల్యం ఇముడుతుంది. అందుకని గాలికి దారి దొరుకుతుంది, దుమ్ముకు దొరకదు. ఇంజను నెమ్మదిగా తిరిగినా, జోరుగా తిరిగినా బాగానే వడగడుతుంది. మంచి కాగితం ఫిల్టరు పరీక్షల్లో నూటికి 99 పాళ్ళకు పైగా దుమ్మును పట్టుకుంటుంది. దీని మరో సుగుణం చాలామందికి తెలియదు. కొంత దుమ్ము పేరుకున్నాక ఆ దుమ్ము పొరే రెండో జల్లెడలా పనిచేస్తుంది. కాబట్టి కాస్త మాసిన ఫిల్టరు కొత్తదానికంటే బాగా వడగడుతుంది. మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో కాగితం ఫిల్టరు మధ్యతరగతి ఇళ్ళకు చేరింది.

ఇక నూనెగుడ్డ సంగతికి వద్దాం. 1969లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కెన్ జాన్సన్, నార్మ్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు తమ పేర్లలోని మొదటి అక్షరాలతో కే అండ్ ఎన్ కంపెనీ మొదలుపెట్టారు. నూలుగుడ్డను పొరలుగా పేర్చి, రెండువైపులా తీగవల వేసి, నూనెతో తడిపిన ఫిల్టర్లు వాళ్ళవి. మోటారుసైకిల్ పందాలవాళ్ళు వీటిని ఇష్టపడ్డారు. ఇప్పుడు చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. నిజానికి నూనె తడికి దుమ్మును అంటించడం కొత్త ఊహేమీ కాదు. మన ట్రాక్టరులోని ఆయిల్ బాత్ ఫిల్టరుకు ఇది మనుమడి వరస.

పందెంలో దీనికి అర్థముంది. పందెం ఇంజను ఎక్కువసేపు నిండు జోరుమీద నడుస్తుంది. అప్పుడు గాలికి ఏమాత్రం అడ్డు తగ్గినా లాభమే. పైగా ఆ ఇంజనును తరచు విప్పి, కొత్త భాగాలు వేసి బిగిస్తారు. దాని ఆయుష్షును గంటల్లో లెక్కపెడతారు. మీ ఇంజను ఆయుష్షును లక్షల కిలోమీటర్లలో లెక్కపెట్టుకోవాలి.

మరి మామూలు రోడ్డుమీద పికప్పు పెరగదా అంటారేమో. మీ పెట్రోలు కారులో యాక్సిలరేటరు కింద జరిగేదేమిటో చూడండి. మీరు కాలు సగం తొక్కినప్పుడు ఇంజనులోకి పోయే గాలిదారిని థ్రాటిల్ అనే మూత సగం మూసే ఉంచుతుంది. అంటే గాలికి పెద్ద అడ్డు మీరే పెడుతున్నారు. అంతకుముందున్న ఫిల్టరు ఎంత ధారాళంగా గాలి వదిలినా అక్కడికి వచ్చి ఆగవలసిందే. కాలు పూర్తిగా అదిమితేనే ఫిల్టరు తేడా కాస్త తెలుస్తుంది. రోజు మొత్తంలో మీరు అలా నడిపేది ఎన్ని నిమిషాలు?

మైలేజీ మాట కూడా తేల్చేద్దాం. అమెరికా ప్రభుత్వ ఇంధన శాఖ కోసం ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కంప్యూటరుతో పనిచేసే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో, బాగా పూడిపోయిన కాగితం ఫిల్టరు తీసి కొత్తది వేసినా మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వచ్చే గాలిని బట్టి కంప్యూటరే పెట్రోలును తగ్గించి సరిపెడుతుంది. పికప్పు మాత్రం కొత్త ఫిల్టరుతో మెరుగుపడింది. కార్బురేటరు ఉన్న పాత కార్లలోనైతే మామూలుగా మార్చే స్థితిలో ఉన్న ఫిల్టరు మార్చినప్పుడు నూటికి 2 నుంచి 6 వంతుల మైలేజీ తేడా కనిపించింది. పూడిపోయిన ఫిల్టరు తీసి కొత్తది వేస్తేనే ఇంజెక్షన్ కారుకు మైలేజీ పెరగనప్పుడు, మంచి కాగితం తీసి నూనెగుడ్డ వేస్తే పెరుగుతుందనుకోవడం కష్టం.

నూనెగుడ్డకు కొన్ని చిక్కులు కూడా ఉన్నాయి. గాలికి ఎక్కువ దారి ఇవ్వాలంటే నేత వదులుగా ఉండాలి. వదులు నేతలోంచి సన్నదుమ్ము జారడానికి అవకాశమెక్కువ. ఆ అవకాశాన్ని మూసేది నూనె ఒక్కటే. కాబట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ సరిపడా నూనె పట్టించాలి. తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది. ఎక్కువైతే ఆ నూనె తుంపర, వచ్చే గాలిని కొలిచే సెన్సరు తీగమీద పడి లెక్క తప్పించవచ్చు. ఇంకొందరు కంపెనీ పెట్టె మొత్తం తీసేసి, గరాటులాంటి ఫిల్టరు బయటికి కనిపించేట్టు పెట్టించుకుంటారు. శబ్దం గంభీరంగా ఉంటుంది, నిజమే. కాని అది బయటి చల్లగాలి బదులు ఇంజను పక్కనుండే వేడిగాలిని పీలుస్తుంది. వేడిగాలి పలచన. అందుకని పెరగాల్సిన శక్తి తగ్గినా ఆశ్చర్యం లేదు.

దుమ్ము మితిమీరితే ఏమవుతుందో లోకం 1980 మే 18న చూసింది. ఆనాడు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలి, వందల మైళ్ళ దూరం బూడిద కురిసింది. ఫిల్టర్లు పూడిపోయి పోలీసు కార్లతో సహా ఎన్నో బళ్ళు రోడ్లమీద ఆగిపోయాయి. పూడిపోయిన ఫిల్టరు బండిని ఆపేస్తుంది. అది ఇబ్బందే. కాని దుమ్మును వదిలేసే ఫిల్టరు బండిని ఆపకుండా ఇంజనును తినేస్తుంది. ఆ నష్టం ఆలస్యంగా గాని తెలియదు.

మనకు బూడిద కురవలేదు గాని, బళ్ళారి, సండూరు, హొసపేట దారుల్లో తిరిగినవారికి ఎర్రదుమ్ము సంగతి చెప్పాలా? 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకం నిలిపివేయించక ముందు, ఖనిజం లారీలు బారులు తీరిన ఆ రోజుల్లో చెట్ల ఆకులు కూడా ఎర్రబారాయి. చంద్రపూర్ వైపు బొగ్గు దుమ్ము, సిమెంటు దుమ్ము. కోరాపుట్ కొండల్లో బాక్సైటు దుమ్ము. కోలారు పల్లెల్లో వేసవి మట్టి. ఇలాంటి చోట్ల కాగితం ఫిల్టరే మేలు. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క మంచి రోడ్లకు. దుమ్ముదారులకు ముందుగానే మార్చమని ఆ పుస్తకంలోనే సాధారణంగా మరో చోట రాసి ఉంటుంది. ఆ పేజీ చదవండి. బంకులో గాలి గొట్టంతో దగ్గరనుంచి జోరుగా కొట్టించి కాగితాన్ని శుభ్రం చేయించకండి. కంటికి కనిపించని చిల్లులు పడతాయి. అంచునున్న రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. అక్కడ సందుంటే ఎంత మంచి ఫిల్టరైనా వృథాయే.

నూనెగుడ్డ ఎవరికీ పనికిరాదని చెప్పను. హొసూరులాంటి పట్నంలో మంచి తారురోడ్డుమీద తిరిగేవారు, ఇంజనుకు వేరే మార్పులు చేయించి ఎక్కువ గాలి కావలసినవారు, వేళకు కడిగి కొలతగా నూనె పట్టించే ఓపిక ఉన్నవారు వాడుకోవచ్చు. గ్యారంటీలో ఉన్న కారైతే ముందు కంపెనీవారిని అడగండి.

తక్కినవారు ఈసారి సర్వీసుకు వెళ్ళినప్పుడు ఆ పెట్టె మీ ఎదుటే తెరిపించండి. ఫిల్టరు తీశాక ఇంజను వైపున్న గొట్టం లోపల శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిపించండి. గుడ్డకు దుమ్ము అంటకపోతే మీ జల్లెడ తన పని తాను చేస్తున్నట్టే. అంటితే మాత్రం, అది కాగితమైనా నూనెగుడ్డయినా, ఆరోజే మార్పించండి.