సెల్ఫ్ కొడితే టక్‌మంటోంది

సారపాక దాటి వంతెన ఎక్కేసరికి గోదావరి ఎర్రగా, దుంగలను దొర్లించుకుంటూ పోతోంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మెకానిక్ బండి ఆపకుండానే నీళ్లవైపు ఓ చూపు చూసి, “ఇంకా నలభై లోపేలే” అంటాడు. 2022 జులైలో ఇదే నది 71.3 అడుగులకు లేచింది, ఈ వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. మీరు వెనక కూర్చున్నారు. ఒళ్లో పనిముట్ల సంచి, అందులో పానాలు ఒకదానికొకటి తగులుతూ గలగలమంటున్నాయి.

దుమ్ముగూడెం మీదుగా చర్ల దారి. ఎడమచేతి వైపు ఏరు, కుడిచేతి వైపు ఛత్తీస్‌గఢ్ దాకా అడవి. కరెంటు తీగలు ఆ చెట్ల మధ్య నుంచే వస్తాయి. గాలివాన కొడితే ఎక్కడో ఓ కొమ్మ లైను మీద పడుతుంది, ఫీడర్ ట్రిప్పవుతుంది. ఆ కొమ్మ ఎక్కడుందో వెతకడానికి లైన్‌మన్ బురదలో నడవాలి. అందుకే ఇక్కడ ఆసుపత్రికి జనరేటర్ కావాలి.

మీరు వెళ్తున్నది అలాంటి చిన్న ఆసుపత్రికే. రాత్రి నుంచి కరెంటు లేదు, జనరేటరూ ఎక్కడం లేదు. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. దాని గోడల్లో ఐసు ఉంటుంది కాబట్టి కొంతసేపు ఆగుతుంది. నర్సమ్మ మూత తెరవనివ్వడం లేదు, పైనున్న డిగ్రీల అంకె మాత్రం గంటగంటకూ చూసి వస్తోంది.

జనరేటర్ ఉన్నది వెనక రేకుల షెడ్డులో. తలుపు తీయగానే డీజిల్ వాసన, తడి మట్టి వాసన.

“మొన్న సోమవారం తిరిగిందన్నా. రాత్రి నుంచి టక్‌మంటోంది, అంతే. బ్యాటరీ కొత్తదే,” అంటాడు వాచ్‌మన్. “సెల్ఫ్ పోయింది, విప్పి రీవైండింగ్‌కు పంపాలంటున్నారు.”

మెకానిక్ దేన్నీ విప్పడు. ముందు ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పుతాడు. చేతులు లోపల ఉన్నప్పుడు ఇంజిను దానంతటది తిరగకూడదు. వాచ్‌మన్ చెవిలోని బీడీని బయట పెట్టి రమ్మంటాడు, ఛార్జింగ్‌లో ఉండే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. తర్వాత మీతో “నొక్కండి, నేను వింటా” అంటాడు.

నొక్కుతారు. ఒక్క టక్. ఇంజిను వెంట్రుకవాసి కదిలినట్టే కదిలి నిలిచిపోతుంది.

అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజో, రిలేనో, ఎవరో నొక్కి మరిచిన ఎర్ర ఎమర్జెన్సీ బటనో చూడాలి. టకటకటక అని కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీ నీరసం. గట్టిగా ఒక్కసారే టక్‌మంటే, సెల్ఫ్‌కు కరెంటు కలిపే సోలినాయిడ్ తన పని చేసినట్టే. ఇక సెల్ఫ్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా దానికి కావలసినంత కరెంటు అందకపోతుండాలి.

మీటర్ ముళ్లు బ్యాటరీ మీద పెడతాడు. 12.7 వోల్టులు. వాచ్‌మన్ గెలిచినట్టు చూస్తాడు. కానీ ఊరికే కూర్చున్న బ్యాటరీ చూపించే అంకె ఇది. “ఇప్పుడు నొక్కండి.” టక్. 10.8. బరువు పడినప్పుడు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీని అనుమానించాలి. జారలేదు.

అందరూ తప్పు చేసేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. బ్యాటరీ మంచిదే, ఇంజిను తిరగట్లేదు, కాబట్టి సెల్ఫే పోయిందని విప్పేస్తారు. మధ్యలో తీగలున్నాయని ఎవరికీ గుర్తుకు రాదు.

ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ స్టడ్ మీద. నొక్కితే 0.2. ఈ దారి బాగుంది. ఇప్పుడు ఒకటి మైనస్ మీద, ఒకటి ఇంజిను బాడీ మీద. మీరు నొక్కుతారు. 5.9.

అతను మాట్లాడడు, మీటరే మీవైపు తిప్పుతాడు. 10.8లో 5.9 ఎర్త్ దారిలోనే పోయింది, ప్లస్ వైపు 0.2 పోయింది. సెల్ఫ్‌కు మిగిలింది 4.7. దాంతో డీజిల్ ఇంజిను ఏం తిరుగుతుంది!

సెల్ఫ్ ఆ క్షణంలో సుమారు 200 ఆంపియర్లు లాగుతోందనుకుంటే, దారిలో 0.03 ఓమ్ అడ్డుంటే చాలు, ఆరు వోల్టులు అక్కడే మాయం. మామూలు మీటర్ పెట్టి తీగను కొలిస్తే అంత చిన్న అడ్డు కనబడనే కనబడదు. భద్రాచలంలో మిథిలా స్టేడియం గేటు ఇరుకని జనం పోటెత్తే శ్రీరామనవమి నాడు తెలుస్తుంది గానీ మామూలు రోజు తెలుస్తుందా?

ఇంకా పానా తీయలేదు. జంపర్ తీగ ఒకటి తీసి, ఒక కొస ముందు బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజిను బాడీకి కరిపిస్తాడు. “కొట్టండి.”

భుగ్గున నల్లపొగ కక్కి ఇంజిను అందుకుంటుంది. షెడ్డు రేకులు అదురుతాయి. వాచ్‌మన్ నవ్వుతాడు. మెకానిక్ మాత్రం ఆపేయమంటాడు, ఇది పరీక్షే, బాగుచేయడం ఇంకా కాలేదు.

ఇంజిను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, కాబట్టి దానికీ ఇనుప చట్రానికీ మధ్య అల్లిన రాగి పట్టీ ఉండాలి. అది బాగానే ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే మైనస్ తీగ చట్రానికి బిగించిన చోట మాత్రం కొత్త పచ్చ రంగు మెరుస్తోంది. వానల ముందు ఎవరో ముచ్చటపడి మొత్తం రంగేశారు, లగ్గు కిందా రంగే. దాని అడుగున తుప్పు. మైనస్ ముందు ఊడదీసి, బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, బిగించి, ఆ తర్వాతే పైన వేసలైన్ పూస్తాడు. మైనస్ చివరగా తగిలిస్తాడు.

ఈసారి నొక్కితే మీటర్‌లో 0.15. ఇంజిను తిరుగుతుండగా బ్యాటరీ మీద 14.1, అంటే ఛార్జింగూ వస్తోంది. నర్సమ్మ లోపల్నుంచి ఫ్రిజ్ లైటు వచ్చిందని కేకేస్తుంది.

“సోమవారం సోమవారం తిప్పుతారు సరే, లోడ్ వేస్తారా?”

“లేదన్నా, ఊరికే ఐదు నిమిషాలు.”

“ఊరికే తిప్పితే మసి పడుతుంది. ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ వేసి అరగంట తిప్పు. రంగు మాత్రం మళ్లీ వెయ్యకు.”