అయ్యకోనేరు గట్టు మీద

విజయనగరం, అయ్యకోనేరు గట్టు. ఉదయం ఆరున్నర. రాత్రంతా కుండపోతగా కురిసి ఇప్పుడే తెరిపిచ్చింది. చవితి పందిళ్లు కొన్ని వీధుల్లో ఇంకా విప్పలేదు. పైడితల్లమ్మ జాతరకు నెల పైనే ఉంది. అరుగు తడిగా ఉంది, పాత పేపరు పరుచుకుని కూచోండి. నడక ముగించినవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు.

మీ పక్కన కూచున్నాయన హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. భుజాన తువ్వాలున్నాయన నెల్లిమర్ల జూట్ మిల్లులో ఫిట్టరుగా చేశారు. చేతికర్ర ఒళ్లో పెట్టుకున్నాయన రైల్వేలో పట్టాల పని చూస్తూ రాయగడ లైనంతా కాలినడకన తిరిగిన మనిషి. ఆ చివర నర్సమ్మగారు. ఈ పేటలో చాలామంది పుట్టగానే ముందు ఎత్తుకున్నది ఆవిడే.

రోజూ అయితే డీఏ బకాయిలతో మొదలవుతుంది. ఇవాళ ట్రెజరీ ఆఫీసులో చేసి రిటైరైనాయన ముఖం చూడగానే ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏటి బావా, రాత్రి నిద్దర్లేదేటి?" అన్నారు రైల్వే ఆయన.

"నిద్దరెక్కడిది! ఇల్లు కురిసింది. హాల్లో బక్కెట్టు, పడగ్గదిలో ఇత్తడి గిన్ని. మీ చెల్లెలు, నేను తెల్లవార్లూ నీళ్లు పారబోసుకుంటూ కూచున్నాం."

"మొన్న వేసవిలోనే కదా మేడ మీద పూత వేయించేవు?"

"వేయించేను. పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు. రెండు వానలకే పొక్కులు లేచిపోయేయి."

ఫిట్టరుగారు తల అడ్డంగా ఊపారు. "పాత సున్నం గీకకండా పూసీసుంటాడు బాబూ. లేదా అడుగు తడారకముందే ఏసీసినాడు. లోపల తడుంటే ఏ పూతా పట్టదు. ఎండెక్కితే ఆ తడి ఆవిరయిపోయి పూతని పైకి తన్నీస్తాది. అదే పొక్కు."

"మేస్త్రీని పిలిచి చూపించలేకపోయేవా?" అని మాస్టారు అడిగారు.

"ఎవరున్నారు మాస్టారూ? మా వీధి చివర అన్నదమ్ములిద్దరూ తాపీ పనివాళ్లే. పెద్దవాడు హైదరాబాదులో, చిన్నవాడు చెన్నైలో. ఫోను చేస్తే, జాతరకొస్తాం బాబూ, అప్పుడు చూస్తాం అంటున్నారు."

ఆ మాటతో గట్టు మీద మాటలు కాసేపు ఆగాయి. హైదరాబాదు, చెన్నై, విశాఖల్లో లేచిన మేడల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీల రెక్కల కష్టం ఎంతుందో వీళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో ఈ రెండు జిల్లాల పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇక్కడ నెలంతా పని దొరకదు కాబట్టే వెళ్తారు. వెళ్లినవాణ్ణి తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఊళ్లకు ఊళ్లు కట్టే చేతులు మనవే అయ్యుండి, మన పిట్టగోడకు ఒక తట్ట సిమెంటు వెయ్యడానికి మనిషి కరువవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఇక్కడ ఇళ్ల రిపేర్లకు మిగిలినవి రెండే అదనులు. జాతర ఒకటి, సంక్రాంతి ఒకటి. ఈలోగా ఏం జరిగినా చూసుకోవాల్సింది ఈ గట్టు మీదివాళ్లే.

"జాతర దాకా మనం ఆగుతాం. తుపాను ఆగుతుందా?" అన్నారు నర్సమ్మగారు.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. ఈ తేదీలు వీళ్లకు మనవల పుట్టినరోజుల్లా నోటికి వచ్చు.

"హుద్‌హుద్‌కి మా బంగాళా పెంకులు సగం ఎగిరిపోయేయి," అన్నారు మాస్టారు. "మర్నాడు నేనే ఎక్కి సర్దేను. పెంకుటింట్లో ఆ సుఖం ఉంది. ఏది పగిలిందో కిందనించే వెలుతురు కనబడుతుంది. శ్లాబులో ఎక్కడ దిగిన నీరు ఎక్కడ కారుతుందో బ్రహ్మక్కూడా తెలీదు."

"తెలీకపోడమేటి, పదండి చూద్దాం," అని రైల్వే ఆయన కర్ర నేలకానించి లేచారు.

కోట వైపు పోయే సందులో ఇల్లు. గుమ్మంలో ఎదురొచ్చిన ఇల్లాలు, "అన్నయ్యగారూ, మెట్లు జారుతున్నాయి, గోడ పట్టుకుని ఎక్కండి," అంటోంది. నర్సమ్మగారు పైకి రాలేదు. "వదినా, నాకు నీ బాత్రూం చూపించు," అంటూ ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లిపోయారు.

పైన డాబా మీద ఒక మూల నాలుగు వేళ్ల లోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. ఫిట్టరుగారు పంచె ఎగగట్టి గొంతుక్కూచుని తూము నోట్లో చెయ్యి పెట్టారు. వేపాకులు, ఒక పాలపాకెట్టు కవరు, గుప్పెడు బురద బయటికొచ్చాయి. గడగడమని నీరు దిగింది. నీరు పోయాక ఆయన ఒక పొక్కును గోటితో గీరి చాపలా లాగారు. తెల్లటి పూత రబ్బరులా సాగుతూ లేచింది. దాని వెనక పాత సున్నం పొడి అంటుకుని ఉంది, దాని కింద శ్లాబు నల్లగా, చెమ్మగా.

"సెప్పినాను కదా," అన్నారాయన.

రైల్వే ఆయన కర్ర కొనతో శ్లాబు మీద కొడుతూ నడుస్తున్నారు. ఠంగ్, ఠంగ్. పిట్టగోడ దగ్గరకొచ్చేసరికి చప్పుడు బోలుగా మారింది. వంగి చూస్తే పిట్టగోడా శ్లాబూ కలిసేచోట సన్నటి పగులు, అందులోంచి జానెడు రావి మొక్క, నాలుగు లేత ఆకులతో.

"కారేది ఫ్యాను దగ్గర కదా బావా? ఇదెక్కడో మూలనుంది," అన్నారు ట్రెజరీ ఆయన.

"నీరు నీ ఇంట్లో సరిగ్గా కిందికి దిగాలని రూలేటి? పగుల్లో దిగింది, శ్లాబులో వేసిన కరెంటు పైపు దొరికింది, దాన్ని పట్టుకుని ఫ్యాను డబ్బాలోకొచ్చింది. ఆ ఫ్యాను స్విచ్చి ముట్టుకోకు. మెయిన్ దగ్గరే ఆ లైను ఆపెయ్యి. ఇంకోటి. ఆ సన్‌షేడు కింద పెచ్చులు ఊడుతున్నాయి చూసేవా? చువ్వ తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి సిమెంటుని తోసేస్తుంది. పైన పూసుకుంటే లాభం లేదు. పెచ్చు కొట్టేసి, చువ్వని వైరు బ్రష్షుతో మెరిసేదాకా గీకి, తుప్పు మందేసి, అప్పుడు పూడ్చాలి."

రావి మొక్కను పీకడానికి ఎవరి చెయ్యీ ముందుకు రావడం లేదు. చివరికి ఫిట్టరుగారే దణ్ణం పెట్టుకున్నారు. "నారాయణా, నీకు కోనేటి గట్టున చోటు సూపిత్తాం," అని స్క్రూడ్రైవరుతో పగులు చుట్టూ గెలుకుతూ నెమ్మదిగా లాగారు. పైకి జానెడే గానీ వేరు మూరెడుంది. కొంత లోపలే తెగిపోయింది. అది మిగిలితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఆయన వదల్లేదు, ఇటుక పొడి రాలేదాకా తవ్వి తీశారు.

పని నిర్ణయమైపోయింది. నాలుగు రోజులు ఎండ కాస్తే తూముకి గుడ్డ కుక్కి, చుట్టూ ఇసక మూటలు పెట్టి, రెండు వేళ్ల ఎత్తున నీరు ఒక రోజంతా నిలబెట్టాలి. కింద చెమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దముక్కతో గీత గియ్యాలి. జాతరకు మేస్త్రీ వచ్చేసరికి ఆ గీతలు చూపించొచ్చు. పగులు వెడల్పు చేసి నింపడం, పిట్టగోడ మొదట్లో నీరు నిలవకుండా గుండ్రంగా సిమెంటు తిప్పడం అతని వంతు. మొత్తం గీకి కొత్త పూత వెయ్యడం మాత్రం మే నెలలోనే. అప్పటిదాకా తూము శుభ్రం చేసే బాధ్యత ఇంటాయనదే.

కిందికి దిగేసరికి చోడి అంబలి గ్లాసుల్లో పోసి ఉంది. నర్సమ్మగారు బాత్రూం గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"మేడ సంగతి తరవాత. ఇది చూడండి. వదిన తువ్వాళ్ల రాడ్డు పట్టుకుని లేస్తోంది."

చూడండి మీరు కూడా. సన్నటి స్టీలు రాడ్డు, రెండు చిన్న స్క్రూలు. ఒక స్క్రూ చుట్టూ టైలు చిట్లింది, వేలితో తాకితే ఆడుతోంది. ఇన్నాళ్లూ ఒక మనిషి బరువంతా దాని మీదే.

"శ్లాబు కారితే గోడ పాడవుతుంది. వదిన జారితే తుంటి విరుగుతుంది. ఏది ముందు?" అన్నారు నర్సమ్మగారు.

ఎవరూ మాట్లాడలేదు. ఫిట్టరుగారు టైలు మీద వేలితో తడుతూ కింద ఇటుక ఎక్కడుందో వెతుకుతున్నారు. "మజ్జానం డ్రిల్లు తెస్తాను. లావుపాటి రాడ్డు, పొడుగు బోల్టులు నానే సూసి కొంటాను, మీరు కొనీకండి. కమోడు పక్కనొకటి, గుమ్మం దగ్గరొకటి. ఎత్తెంతమ్మా?"

"కొలతలొద్దు," అని నర్సమ్మగారు కమోడు మీద మూత వేసి ఇల్లాల్ని కూచోబెట్టారు. "లే వదినా. చెయ్యి ఎక్కడికెళ్తే అక్కడే."

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి గోడ మీద గీత గీశారు.

"ఇంకో రెండంగుళాలు కిందికి అన్నయ్యగారూ," అందావిడ. "భుజం అంతకి లేవదు."