తీగ చివరనున్న యంత్రముతో మాటలాడుట



మన శ్రీకాకుళ క్షేత్రమున శ్రీకృష్ణదేవరాయలు హరివాసర వ్రతమాచరించి నిద్రింపగా, ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి కావ్యము రచింపుమని యానతిచ్చెనని ఆముక్తమాల్యద యవతారికవలన మనకు తెలియుచున్నది. స్వామి కావ్యము చేయుమనుటతో నూరకుండలేదు. ఏ భాషలో చేయవలెనో, ఎవరికి అంకితము చేయవలెనో కూడ ముందుగనే నిర్ణయించెను. భాషయు, చేరవలసిన చోటును నిర్ణయమైనగాని సందేశము పనికిరాదు. దూరముననున్న యంత్రముతో మాటలాడు విద్యకును ఇదియే మూలసూత్రము. ఆ విద్య మనకెట్లు సంక్రమించినదో, మన తీరవాసులకు దానితో నేమి సంబంధమో నేడు విన్నవించెదను.

పూర్వము గ్రామములో వార్త తెలుపవలెనన్న దండోరా వేయించెడివారు. అది యందరికిని వినబడును. గాని ఊరి పొలిమేర దాటదు. తంతి వచ్చిన పిదప వార్త వందల మైళ్లు పరుగెత్తెను. గాని ఒక్క తీగపై నొక్కసారి యొక్క గుర్తు మాత్రమే పోగలదు. సన్నని పొలముగట్టుమీద మనుష్యులు ఒకరి వెనుక నొకరు నడచినట్లు, అక్షరములును వరుస దప్పక నడువవలెను. ఈ వరుస నడకనే నేటి యంత్రజ్ఞులు సీరియల్ పద్ధతి యందురు. మన దేశమున 1850లో కలకత్తానుండి డైమండు హార్బరుదాక తీగ వేయుట ప్రారంభమయ్యెను. ఓషానెస్సీ యను వైద్యుడు దానికి సూత్రధారి. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులు తంతితో కలిసినవి.

తీగ యున్నంత మాత్రమున రక్షణ కలుగదు. 1864 నవంబరు 1వ తేదీన మచిలీబందరుపై ఉప్పెన విరుచుకొనిపడెను. పదుమూడడుగుల యెత్తున సముద్రము లేచెననియు, సుమారు ముప్పదివేలమంది మృతినొందిరనియు చరిత్రకారులు వ్రాసిరి. అంతకుముందు నెల 5వ తేదీననే కలకత్తా యట్టి తుపానునకు గురియయ్యెను. దేశమున తంతి పుట్టి పది సంవత్సరములు దాటెను. గాని గాలివాన గుర్తులను కనిపెట్టి రేవులకు తెలుపు శాఖ యొక్కటియు లేదు. ఆ రెండు విపత్తులే కనులు తెరపించినవి. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరిక లేర్పడెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపితమయ్యెను.

ఇక భాష సంగతి. 1874లో ఫ్రాన్సు దేశపు బోడో యనునతడు ప్రతి యక్షరమును ఐదు గుర్తులుగ విభజించు పద్ధతికి హక్కుపత్రము పొందెను. తీగమీది వేగమును కొలుచు బాడ్ అను మాట యాతని పేరే. అటుపిమ్మట వచ్చిన టెలిప్రింటరులు ప్రతి యక్షరమునకు ముందొక ఆరంభపు గుర్తును, వెనుకనొక ముగింపు గుర్తును చేర్చినవి. కంప్యూటరులు పుట్టినప్పుడు వానితో మాటలాడుటకు ఈ టెలిప్రింటరులనే వాడిరి. అదియే టెర్మినల్. 1960లో ఈ తీగలకు ఆర్.ఎస్. 232 అను ప్రమాణ మేర్పడెను. 1969లో దూరపు కంప్యూటరుతో నక్షరములు టైపుచేసి మాటలాడు టెల్నెట్ పద్ధతి మొలకెత్తెను. 1997లో వెలువడిన 2217వ నిబంధనపత్రము, దూరముననున్న సీరియల్ తీగయొక్క వేగము మొదలగువానిని వలద్వారముననే మార్చు మార్గము చూపెను.

ఈ పనిలో నేను చేసిన తప్పొకటి చెప్పెదను. సముద్రపు పాయవద్ద నీటిమట్టము కొలుచు యంత్ర మొకటి యుండెను. దాని తీగను ఒక చిన్న పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను వలలో చేర్చితిమి. నేను దూరమున గూర్చుండి పెట్టెతో టెర్మినల్ సంబంధము కలిపి, పేరును రహస్యపదమును టైపుచేసితిని. అంకెలకు బదులు అర్థములేని గుర్తులు రాసాగెను. కారణ మేమన, కొలత యంత్రము సెకనునకు 4800 గుర్తుల వేగమున పలుకుచుండగా, పెట్టె 9600 వేగమున వినుచుండెను. తెలుగు మాటలాడువానికి అరవము మాత్రమే తెలిసినవాడు చెవి యొగ్గినట్లుండెను. వేగమును సరిచేసినంతనే అంకెలు చక్కగా వచ్చినవి.

అంతటితో నాపియుండిన బాగుండెడిది. ఉత్సాహముకొలది పెట్టెయొక్క చిరునామాను గూడ మార్చి, అందొక అంకె తప్పు వ్రాసి, భద్రపరుపుమని యాజ్ఞ యిచ్చితిని. తత్క్షణమే సంబంధము తెగెను. కూర్చున్న కొమ్మను నరకుకొనుట యనగా నిదియే. పెట్టె బ్రతికియే యున్నది. గాని దానిని పిలుచు దారి నాకు లేదు. మరునాడు తీగ చంకనబెట్టుకొని, బస్సెక్కి, తుదకు పడవ దాటి యచటికి పోయి సరిచేయవలసివచ్చెను. ఆ రాత్రి యంతయు నీటిమట్టము చెప్పు దిక్కు లేకపోయెను. ఆ రాత్రి తుపాను లేకపోవుట దైవకృప. నాటినుండి మార్పు చేయకముందు పాత అంకెలను కాగితముపై వ్రాసికొనుటయు, అవతలి చివర నొక మనుష్యుని నిలుపుటయు నాకు నియమమయ్యెను.

1977 నవంబరు 19వ తేదీని దివిసీమ పెద్దలకు నేను గుర్తుచేయనక్కరలేదు. నాటి ఉప్పెనలో మృతులు పదివేల ప్రాంతమని ప్రభుత్వపు లెక్కలే తెలుపుచున్నవి. తుపాను వచ్చుచున్నదని తెలిసినవారు లేకపోలేదు. తెలియవలసిన గుడిసెకు మాట చేరలేదు. 1983లో ఇన్‌సాట్ 1-బి ఉపగ్రహము ఆకాశమున నిలిచిన తరువాత, ఆంధ్ర తమిళ తీరములందు హెచ్చరిక గ్రాహకములను నెలకొల్పిరి. ప్రతి గ్రాహకమునకు నొక సంకేతసంఖ్య యుండెను. మద్రాసు కేంద్రమువారు అపాయమున్న ప్రాంతపు సంఖ్యను పంపినంతనే అచటి యంత్రములు మాత్రమే మేల్కొని, సైరను మ్రోగించి, పిమ్మట ఆ ప్రాంతపు భాషలో హెచ్చరికను పలికెడివి. మన యూరికి తెలుగే పలుకవలెను గదా! స్వామి రాయలకు తెలిపిన రెండు నియమములే యిందును గలవు: భాష యొకటి, చిరునామా యొకటి.

కావున పెద్దలకు నాదొక మనవి. మీ తుపాను ఆశ్రయభవనములో హెచ్చరిక యంత్ర మున్నయెడల, గాలివానల కాలము రాకముందే దానిని మ్రోగించి చూపుమని అడుగుడు. మ్రోగనిచో వ్రాతమూలముగ తెలుపుడు. ఎంత దూరమునుండి ఎంత చక్కని యాజ్ఞ పంపినను, ఈవలి చివర వినువాడు లేనియెడల ఆ తీగ వట్టి యినుప పోగే. ఆ వినువారు మీరే.

సెలవు.